చెయ్యెత్తని ఊరు

పోయినవారం లయల్ ట్రెజైజ్ చెయ్యి గాల్లో ఉండగా మనం వదిలేసి వచ్చేశాం. పాపం వారంరోజులుగా అలాగే ఎత్తి ఉంచాడు. అరవయ్యెనిమిదేళ్ల భుజం, ఎంత లాగేసి ఉంటుందో! మరిచిపోయినవాళ్ల కోసమూ, పోయినవారం పత్రికని పక్కింటివాళ్లు ఎరువు పట్టుకెళ్లి తిరిగివ్వని వాళ్ల కోసమూ ఒక్కసారి వెనక్కి వెళ్లి వద్దాం.

పోర్ట్ లార్న్‌కి ఉత్తరాన, ఎల్డ్రెడ్ పాస్కో పొలంలో వేలం జరుగుతోంది. ఎల్డ్రెడ్ చలికాలంలో కన్నుమూశాడు. భార్య ఊనా పొలం అమ్మేసి అడిలైడ్‌లో చిన్న ఇంటికి మారిపోతోంది. పొలం వదిలివెళ్లేవాళ్లు తమ సరంజామా అంతా కోసిన చేలో వరసలుగా పేర్చి, ఒక్కరోజులో అమ్మేసి చేతులు దులుపుకోవడం అక్కడి రివాజు. వరసల చివర ఎల్డ్రెడ్ కారు ఉంది, కప్పు మడిచి వెనక్కి తోసే బండి. దాని కోసమే లయల్ తన చేపల పడవ అమ్ముకుని వచ్చాడు. పాట మొదలవగానే చెయ్యెత్తాడు. మరో చెయ్యి లేవలేదు. వేలం పాడే బ్రెంటన్ హేస్ ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు, మూడోసారి అనడానికి నోరు తెరిచాడు. అప్పుడు టీ బల్ల దగ్గర్నుంచి ఊనా కేక పెట్టింది, "ఆగు!" అని.

ఇక్కడ ఆగాం మనం.

బ్రెంటన్ తన జీవితంలో 'మూడోసారి' అనే మాటని నోట్లోంచి వెనక్కి మింగడం అదే మొదలు. అది గొంతుకి అడ్డంపడి దగ్గొచ్చింది.

"ముందు టీలు తాగండి," అంది ఊనా అందరికీ వినబడేలా. "పాట తర్వాత. లయల్, నువ్విలా షెడ్డులోకి రా."

తెల్లజుట్టు, మోకాళ్లదాకా బూట్లు, నడుముకి టీ మరకల ఏప్రాన్. డెబ్బై దాటిన మనిషి, విసురుగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. జనం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. టోపీలు సవరించుకున్నారు. ఈగలు తోలుకున్నారు. లయల్ భార్య గ్లెనిస్ టీ బల్ల వెనకనుంచి 'ఏం చేశావయ్యా నువ్వు?' అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. లయల్ 'నాకేం తెలుసు!' అన్నట్టు భుజాలు ఎగరేశాడు. పెళ్లయి నలభై ఏళ్లు దాటిన వాళ్లు కదా, సగం సంసారం కనుబొమలతో, భుజాలతోనే నడిచిపోతుంది.

షెడ్డు ఎంతో దూరం లేదు. కానీ దారిలో బండి ఉంది. దాన్ని దాటుకుని పోవడం లయల్‌కి ఏనాడూ తేలిక కాదు.

గుడ్డు పచ్చసొన రంగు. రెండే సీట్లు. నేలని ముద్దుపెట్టుకుంటున్నట్టు కూర్చుంటుంది. అటుపక్క తుప్పుపట్టిన విత్తనాల గొర్రు, ఇటుపక్క గొర్రెలమందు డ్రమ్ములు. మధ్యలో అది, పశువుల సంతలోకి దారితప్పి వచ్చిన పెళ్లికూతురిలా నిలబడి ఉంది.

లయల్ దాన్ని మొదటిసారి చూసినప్పుడు పదిహేడేళ్లవాడు. ట్రాక్టరు మీద కూర్చుని దున్నుతున్నాడు. సముద్రం ఒడ్డు రోడ్డు మీద, కప్పు మడిచేసి, జుట్టు ఎగురుతుండగా ఎల్డ్రెడ్ పాస్కో వెళ్లాడు. ఆ ఇంజను చప్పుడు లయల్ చెవిలోకి వెళ్లింది గానీ మళ్లీ బయటికి రాలేదు. ఆ బండి రోడ్డెక్కితే సముద్రపు పక్షులు చేపల పడవనుకుని వెంటపడేవని చెప్పుకుంటారు. గొర్రెలు నెమరు వెయ్యడం ఆపి తలలు తిప్పి చూసేవట. ఇక లయల్ సంగతి చెప్పేదేముంది? అతను దున్నుతున్న చాలు కాస్తా రోడ్డువైపు వంగిపోయింది. తండ్రి తిట్టిన తిట్లకి చెట్టుమీది చిలకలు రెండు కొత్త మాటలు నేర్చుకున్నాయి. ఆ చేలో బార్లీ ఇప్పటికీ ఆ వంపులోనే మొలుస్తుంది. నమ్మనివాళ్లు వెళ్లి చూసుకోవచ్చు.

తర్వాత పెళ్లయింది. పిల్లలు పుట్టారు, కరువులొచ్చాయి, ఒక ఏడు ఎలకలు వచ్చి మంచంకోళ్లు కూడా కొరికేశాయి. లయల్ బళ్లు కొంటూనే ఉన్నాడు. అన్నీ వెనక తొట్టి ఉన్నవే. వాటిలో గొర్రెలెక్కాయి, కుక్కలెక్కాయి, కంచె తీగల చుట్టలు ఎక్కాయి, కాన్పు నొప్పులతో గ్లెనిస్ ఎక్కింది. ఒక్క బండి కూడా అతని సరదా కోసం కొన్నది కాదు.

ఆదివారం వచ్చిందంటే మాత్రం పాస్కో షెడ్డుకి వెళ్లేవాడు. ఊరికే వెళ్తే బాగుండదని ఒక పానా ఎరువు తెచ్చుకునేవాడు. మరుసటి ఆదివారం అది ఇవ్వడానికి వెళ్లేవాడు. పైవారం మళ్లీ తెచ్చుకునేవాడు. ఒకే పానా, ముప్పయ్యేళ్లకు పైగా రెండిళ్ల మధ్య కాపురం చేసింది. దానితో ఒక్క బోల్టు విప్పిన పాపాన పోలేదు ఎవరూ. వెళ్లిన ప్రతిసారీ, వచ్చేసేముందు అడిగేవాడు:

"ఎల్డ్రెడ్, బండి ఎప్పుడైనా అమ్మాలనుకుంటే..."

"చూద్దాంలే," అనేవాడు ఎల్డ్రెడ్.

ఆ 'చూద్దాంలే' మీద ఒక మనిషి జీవితమంతా బతికేశాడు. కొందరు దేవుడి మీద కూడా అంత నమ్మకంతో బతకరు.

షెడ్డు లోపల రేకుల వేడి. బండి ఉండే చోట నేలమీద నూనె మరకల మధ్య పొడవాటి ఖాళీ మిగిలింది. ఊనా ఆ ఖాళీకి అవతలి అంచున నిలబడి ఉంది, ఆ జాగాలో కాలు పెట్టడం ఇష్టం లేనట్టు.

"లయల్, నిన్నొకటి అడుగుతాను. నిజం చెప్పు. మా ఆయనేం పాపం చేశాడు మీ ఊరికి?"

లయల్‌కి అర్థం కాలేదు. "ఏంటి ఊనా?"

"మందు డ్రమ్ముల కోసం కొట్టుకు చచ్చారే! అడుగులేని బకెట్టుకి నలుగురు పాడారు. కుక్క పడుకున్న గోనెసంచి కూడా పోయింది. ఆ కుక్క ఇంకా వెతుక్కుంటోంది. ఎల్డ్రెడ్ బండి దగ్గరకొచ్చేసరికి మీ అందరి చేతులకీ పక్షవాతం వచ్చిందా? ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు పాడలేదు. ఆయన ప్రాణంలా దాచిన వస్తువు. ఊరంతా నోళ్లు కుట్టుకుని నిలబడి, అయ్యో ఆడమనిషి చూస్తోందే అని కూడా లేకుండా... అంత చేదయిపోయాడా మీకు?"

 ఒంట్లో ఉన్న రక్తమంతా చెవుల్లోకి వచ్చింది.

ఇక్కడొక సంగతుంది. ఆ ప్రాంతంలో పైకి ఎవరూ చెప్పని కట్టుబాటు ఒకటుంది. ఎవడైనా ఒక వస్తువు మీద ఏళ్ల తరబడి మనసు పెట్టుకున్నాడని ఊరికి తెలిస్తే, వేలంలో అది వచ్చినప్పుడు ఇంకెవరూ పోటీ పాడరు. చేతులు జేబుల్లో పెట్టుకుని ఆకాశం చూస్తారు. ఆడితప్పినవాడినైనా క్షమిస్తారు గానీ, అక్కడ చెయ్యెత్తినవాణ్ణి క్షమించరు. లయల్ మోజు సంగతి ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు. అందుకే అందరూ ఆకాశం చూశారు.

ఊనాకి అది తెలియదు. పెళ్లి చేసుకుని టాస్మేనియా నుంచి వచ్చిన మనిషి. నలభై ఏళ్లుగా ఊళ్లో ప్రతి వేలానికీ వచ్చింది. వచ్చి, టీ బల్ల వెనక నిలబడి వేడివేడి స్కోన్ రొట్టెలకి జామ్ రాసింది. వరసల్లో మగాళ్లు ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో ఆమెకి ఎవరు చెప్పారు? అడగందే చెప్పరు. తెలియనిది అడగరు.

"చేదు కాదు ఊనా," అన్నాడు లయల్ చివరికి. "నా కోసం ఊరుకున్నారు వాళ్లు. నాకు దక్కాలని."

చెప్పాల్సిందంతా చెప్పాడు. ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతని, మర్యాదని, తన తండ్రి గుర్రబ్బండి విషయంలో కూడా ఇలాగే జరిగిందని. చెబుతున్నకొద్దీ మాటలు పలచబడుతున్నాయి. పొద్దున తనకి ఎంతో తియ్యగా ఉన్న సంగతి, ఈ షెడ్డులో ఈమె ముందు చెబుతుంటే వేరే రుచిగా ఉంది.

ఊనా అంతా విన్నది.

"బాగుంది. మర్యాదే. నీకు. బండి ఎవరిది?"

"ఎల్డ్రెడ్‌ది."

"పోయినవాడిది. మర్యాద మాత్రం బతికున్నవాడికి. ఆయన పేరు మీద నిలబడ్డ వస్తువుని తుక్కు కింద చవగ్గా కొట్టేసి, మీలో మీరు భుజాలు తట్టుకుంటారు. నేను ఆ టీ బల్ల వెనక నిలబడి, ఇన్నేళ్లు ఒక పనికిమాలినవాడితో కాపురం చేశాను కాబోలు అనుకోవాలి."

"అది కాదు..."

"ఆగు, ఇంకోటుంది. ఆయన ఆ బండి నీకెందుకు అమ్మలేదో తెలుసా నీకు?"

"ప్రాణం కదా ఊనా. ఎలా అమ్ముతాడు?" ఇది మాత్రం లయల్ గట్టిగానే అన్నాడు. ప్రపంచంలో అతనికి ఖాయంగా తెలిసిన సంగతి ఏదైనా ఉందంటే ఇదే. "నాదైతే నేనూ అమ్మేవాణ్ణి కాదు."

ఊనా నవ్వింది. ఆ నవ్వులో కోపం సగం కారిపోయింది.

"ప్రాణమా? విసుగు ఆయనకి అదంటే. అందులో కూర్చుంటే నడుం పట్టేసేది. లేవడానికి నేను రెండు చేతులూ పట్టుకుని లాగాలి, బావిలోంచి తోడినట్టు. చూపు మందగించాక ఎక్కడమే మానేశాడు. ఎన్నో ఏళ్లయింది."

"మరి ఎప్పుడూ అద్దంలా ఉండేదే! నేను వచ్చినప్పుడల్లా మెరుస్తూ..."

"ఎందుకు మెరిసేదనుకుంటున్నావు? శనివారం సాయంత్రం అయ్యేసరికి గుడ్డ, మైనం డబ్బా పట్టుకుని బయల్దేరేవాడు. 'ఎక్కనిదాన్ని ఎందుకు తుడుస్తున్నావయ్యా?' అంటే, 'రేపు లయల్ వస్తాడు' అనేవాడు. 'అంత ఇష్టపడుతున్నాడు, ఇచ్చెయ్యరాదా?' అన్నాను ఒకసారి. నీకు గుర్తుందో లేదో, ఆ ఏడు మీకు పంట బాగా వచ్చింది. చేతిలో డబ్బుంది నీకు. ఆయన గుడ్డ పిండుతూ ఏమన్నాడో తెలుసా? 'ఇస్తే ఎక్కి వెళ్లిపోతాడే. వెళ్లినవాడు మళ్లీ మన దారిలోకి ఎందుకొస్తాడు?' అన్నాడు."

షెడ్డు రేకులు ఎండకి టప్ మన్నాయి. బయట ఎవరో నవ్వుతున్నారు. టీ కప్పుల చప్పుడు.

లయల్ ఆ ఖాళీవైపు చూశాడు. ముప్పయ్యేళ్ల ఆదివారాలు అక్కడే నిలబడ్డాడు. బండి ఎడమ తలుపు మీద గీత ఎంత పొడవుందో చెప్పగలడు. ముందు దీపంలో ఏ మూల పగులుందో, సీటు కుట్లలో ఏ కుట్టు ఊడిందో చెప్పగలడు. ఎల్డ్రెడ్ పక్కనే ఒక డ్రమ్ము మీద కూర్చుని ఏవేవో చెబుతుండేవాడు. వానల గురించో, గొర్రెల గురించో, కాలి నొప్పి గురించో. లయల్ "ఊఁ, ఊఁ" అంటూ ఉండేవాడు, కళ్లు బండి మీద పెట్టి.

ఎల్డ్రెడ్ కళ్లు ఏ రంగు?

ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. నీలమా? బూడిద రంగా? పక్కనే భార్య ఉంది, అడిగితే చెబుతుంది. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

"నేను ఆయన్ని చూడ్డానికి రాలేదు ఊనా," అన్నాడు. 

"తెలుసు. ఆయనకీ తెలుసు." ఊనా ఏప్రాన్ కొసతో చేతులు తుడుచుకుంది. చేతులకి ఏమీ లేదు. "తెలిసే తుడిచేవాడు."

మీరు ఇప్పుడు ఒకటి అనుకుంటారు. ఇంత విన్నాక లయల్‌కి ఆ బండి మీద కోరిక చచ్చిపోయి ఉంటుందని. కథల్లో అలాగే జరుగుతుంది. కానీ సిగ్గుకీ కోరికకీ వేరువేరు వంటిళ్లు. లయల్ సిగ్గుతో నేలలోకి కుంగిపోయాడు, కుంగిపోతూనే షెడ్డు తలుపులోంచి ఎండలో మెరుస్తున్న ఆ పచ్చసొన రంగుని చూశాడు. గుండె పదిహేడో ఏట కొట్టుకున్నట్టే కొట్టుకుంది. అదే దరిద్రం. పోనీ అప్పుడు ఒకటే కావాలనిపించేది. ఇప్పుడు రెండు కావాలి. ఆ బండీ కావాలి, డ్రమ్ము మీద కూర్చున్న ఆ మనిషీ కావాలి. ఒకటి డబ్బుకి దొరుకుతుంది.

"పద," అన్నాడు ఊనాతో. "నువ్వు టీ బల్ల దగ్గరకి కాదు, వరసలోకి రా. ముందుకొచ్చి నిలబడు."

బ్రెంటన్ పెట్టె మీదికెక్కి గొంతు సవరించుకున్నాడు. వేలం పాడటంలో అతనికి ఆ జిల్లాలో సాటి లేరు. ఒకసారి ఊపిరి తీసుకోకుండా మూడు మందల గొర్రెల్ని అమ్మేసి, ఆ ఊపులో కొన్నవాడి కుక్కని కూడా అమ్మేశాడని చెప్పుకుంటారు.

"సరే, ఎక్కడున్నాం? లయల్ పాట దగ్గర. రెండోసారి అయిపోయింది. మూడో..."

లయల్ చెయ్యెత్తాడు.

"లయల్, పాట నీదేనయ్యా. దించు చెయ్యి."

"తెలుసు. ఇంకో వెయ్యి వేసుకో."

"ఎవరి మీద?"

"నా మీదే."

జనం గొల్లుమన్నారు. బ్రెంటన్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. "గ్లెనిస్! మీ ఆయనకి వడదెబ్బ తగిలినట్టుంది, కాస్త నీళ్లు చల్లు!"

"పడవ డబ్బు దాటనంతవరకూ నాకేం సంబంధం లేదు," అంది గ్లెనిస్ టీ బల్ల దగ్గర్నుంచి. "అది దాటితే నీళ్లు కాదు, వేడి టీ చల్లుతా." అది వాళ్లిద్దరి ఒప్పందం. పడవ అమ్మితే వచ్చినంతే, పైన ఒక్క డాలరు కూడా కాదని లయల్ మాటిచ్చాడు.

నవ్వులు ఆగాక లయల్ టోపీ తీశాడు. నలుగురిలో మాట్లాడటం అతనికి చేతకాదు. తన పెళ్లిలోనే 'కూర్చోండి, తినండి' అని రెండు ముక్కలు చెప్పి చెమటలు తుడుచుకున్నవాడు.

"మీరు నాకోసం ఊరుకున్నారు. నాకు తెలుసు. కానీ ఊనాకి అది ఇంకోలా వినబడింది. తప్పు ఆమెది కాదు." టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు. "ఇది ఎల్డ్రెడ్ బండిరా. ఆయన సమాధి దగ్గర మనమెవరం నోరు విప్పలేదు. టోపీలు పట్టుకుని నిలబడి వచ్చేశాం. దీనికైనా పాడండి. నేను చూసుకుంటాను."

కోసిన చేలమీంచి వేడిగాలి వీచింది. ఎవరూ కదల్లేదు. ఊనా వరస ముందు నిలబడి ఉంది, చేతులు కట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా.

అప్పుడు వెనకనుంచి గొర్రెల బొచ్చు కత్తిరించేవాడొకడు, ఎలుగ్గొడ్డులాంటి మనిషి, బొంగురుగా అన్నాడు: "నా మోటారు పాడయితే మండుటెండలో వచ్చి బాగుచేశాడు. టీ కూడా తాగలేదు. ఇంకో ఐదొందలు."

లయల్ చెయ్యెత్తాడు.

"మా అబ్బాయికి ఈత నేర్పింది ఆయనే," అంది ఒకావిడ స్కోను చేత్తో పట్టుకునే. "ఇంకో ఐదొందలు. వాడు ఇంకా మునుగుతూనే ఉంటాడు, అది ఎల్డ్రెడ్ తప్పు కాదు."

లయల్ మళ్లీ చెయ్యెత్తాడు.

"అగ్గి వచ్చినప్పుడు నా గడ్డివామి కోసం తనది వదిలేసుకుని వచ్చాడు."

"చదరంగంలో నా చేతిలో అన్నిసార్లూ ఓడిపోయేవాడు. కావాలనే, దొంగసచ్చినోడు."

ఒకడి తర్వాత ఒకడు. జీవితమంతా వాతావరణం తప్ప ఇంకేం మాట్లాడని మనుషులు. సమాధి దగ్గర పెగలని గొంతులు వేలంలో పెగిలాయి. డబ్బు వెనకాల దాక్కుంటే మగాళ్లు ఏదైనా చెప్పగలరు కాబోలు. ఒక్కో మాటకీ ఒక్కో పాట, ప్రతి పాట మీదా లయల్ చెయ్యి. ఊనా కట్టుకున్న చేతులు ఎప్పుడు విడిపోయాయో ఎవరూ చూడలేదు. చూసేసరికి ఆమె నోటికి ఏప్రాన్ అడ్డం పెట్టుకుని ఉంది, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియాలి.

అందరిదీ ఒకటే లెక్క. మనం ఎంత పాడినా పైన లయల్ ఉన్నాడు, చివరికి వాడికే దక్కుతుంది. ఆ లెక్కలో ఒక్క తప్పు ఉంది. లయల్ పడవ డబ్బుకి అడుగు ఉంది, ఆ అడుగు కనిపిస్తోంది.

బ్రెంటన్ ఊపు మీదున్నాడు. "లయల్ దగ్గరుంది! ఇంకెవరైనా? ఎవరూ లేరా?" లయల్ ఒళ్లంతా చెమటతో తడిసిపోయింది. ఆ పాటతో పడవ డబ్బు ఆఖరి డాలరుదాకా అయిపోయింది. చాలు. సరిగ్గా సరిపోయింది. దేవుడున్నాడు.

"ఒకటోసారి... రెండోసారి..."

"ఏంటి? ఏం జరుగుతోంది?" అన్నారెవరో గట్టిగా.

వెర్న్ నిట్ష్కే. పక్క పొలం ఆసామి. ఎనభైకి దగ్గరపడ్డాడు, చెవుడు. పెళ్లాం పోయాక ఒంటరిగా గొర్రెలతో ఉంటాడు, గొర్రెలతో మాట్లాడినట్టే మనుషులతోనూ మాట్లాడతాడు. పక్కనున్నవాడు అతని చెవిలో నోరుపెట్టి అరిచాడు: "ఎల్డ్రెడ్ కోసం పాడుతున్నాం! ఆయన మంచి చెప్పి పాడాలి!"

"ఎల్డ్రెడ్ కోసమా?" వెర్న్ కర్ర ఊతంగా ముందుకొచ్చాడు. జనం దారిచ్చారు. టోపీ తీసి ఊనావైపు తిరిగాడు. "మా హెడీ పోయినప్పుడు నేను మంచం దిగలేదమ్మా. గొర్రెలు దాహంతో చచ్చిపోవాల్సింది. మీవాడు రోజూ వచ్చి తొట్లు నింపి పోయేవాడు. తలుపు కొట్టేవాడు కాదు. నీళ్ల చప్పుడు మాత్రం వినబడేది నాకు. అప్పుడు చెవులు బాగుండేవిలే." కర్ర పైకెత్తాడు. "ఇంకో వెయ్యి!"

జనం చప్పట్లు కొట్టారు. అందరూ నవ్వుమొహాలతో లయల్‌వైపు తిరిగారు.

లయల్ చెయ్యి లేవలేదు.

గ్లెనిస్‌వైపు చూశాడు. ఒక్క చూపు దొరికితే చాలు, ఒక్క కనుబొమ. ఆమె ఊనా దగ్గరకి వెళ్లి, భుజం చుట్టూ చెయ్యేసి, ఇటు వీపుపెట్టి నిలబడి ఉంది. నలభై ఏళ్లలో అతని కళ్లు పిలిస్తే ఆమె పలకని క్షణం అదొక్కటే.

"లయల్?" అన్నాడు బ్రెంటన్ మెల్లగా. అతనికి అర్థమైంది. అర్థమై, మొహం పాలిపోయింది. "లయల్, ఏమయ్యా?"

మాటిచ్చిన చెయ్యి జేబులోనే ఉంది. అది బయటికి రావడానికి గింజుకుంటోంది, సంచిలో వేసిన పిల్లిపిల్లలా. దాన్ని అతను జేబులోనే పట్టి ఉంచాడు.

"ఒకటోసారి." బ్రెంటన్ సాగదీశాడు. ఎంత సాగదీశాడంటే, ఆ మాట మధ్యలో ఒకడు వెళ్లి టీ తెచ్చుకోవచ్చు. "రెండోసారి." జనంలో నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. "మూడోసారి."

సుత్తి పడింది.

"ఏమైంది?" అన్నాడు వెర్న్. "ఎవరికొచ్చింది?"

 చివరికి పక్కవాడే మళ్లీ అతని చెవిలో అరవాల్సి వచ్చింది. "నీకే!"

"నాకా? నాకెందుకూ?" వెర్న్ ఎండుచేపలా నోరు తెరిచాడు. "అందులో గొర్రెని కూర్చోబెట్టడానికి కూడా చోటు లేదు! లయల్, ఒరేయ్, ఏంట్రా ఇది? చెయ్యెత్తవేం? వాతం పట్టిందా?" దగ్గరకొచ్చి లయల్ భుజం పట్టుకుని ఊపాడు. "నీదేరా ఇది. నా వెయ్యి నా ఖర్మ, మిగతాది నువ్విచ్చి తీసుకో. సరేనా? ఊరంతా చూస్తుండగా చెబుతున్నా!"

అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. గ్లెనిస్ ఇటు తిరిగి, ఏం జరిగిందో అప్పుడు విని, గుండెమీద చెయ్యి వేసుకుంది. ఊనా ఏప్రాన్ జేబులోంచి తాళం తీసి వెర్న్ చేతిలో పెట్టింది. పెడుతూ ఏమందో వెర్న్‌కి వినబడలేదు, లయల్‌కి వినబడింది. "ఎవరు తీసుకున్నా సరే. ఇక చాలు నాకు. విన్నాను," అంది.

లయల్ తల ఊపాడు. 

"ముందు దాన్ని అడ్డం తియ్యండయ్యా," అన్నాడు బ్రెంటన్ చెమట తుడుచుకుంటూ. "గొర్రు ఎక్కించుకోవడానికి లారీ రావాలి. వెర్న్, పాట నీది, నువ్వే తియ్యాలి. గేటుదాకా పోనిచ్చి అక్కడ పెట్టు."

వెర్న్ గొణుక్కుంటూ ఎక్కాడు. ఎక్కడమంటే, కర్ర లోపల పడేసి, తలుపు పట్టుకుని, వెనక్కి వాలి పడ్డాడు. జనం నవ్వారు. ఇంజను రెండుసార్లు మొరాయించి, మూడోసారి అందుకుంది. ఆ చప్పుడు లయల్ వెన్నులోంచి పాకింది. పచ్చసొన రంగు బండి కోసిన మొదళ్ల మీంచి మెల్లగా కదిలి, గేటుదాకా వెళ్లింది. అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, ఇంకాస్త వేగంగా, దుమ్ము రేపుకుంటూ మళ్లీ వెనక్కి వచ్చి లయల్ పక్కన ఆగింది.

లయల్ నవ్వుతూ తలుపు మీద చెయ్యి వేశాడు. తలుపు రాలేదు. లోపలినుంచి వెర్న్ మోచెయ్యి దానిమీద ఆని ఉంది. ఇంజను ఆపలేదు.

గాలికి లేచిన నాలుగు తెల్లవెంట్రుకలు అలాగే నిలబడి ఉన్నాయి. వెర్న్ మొహంలో ఏదో వెలుగు. పెళ్లిలో కూడా ఆ మొహం అలా వెలగలేదని అతని పెళ్లికి వెళ్లినవాళ్లు తర్వాత ప్రమాణం చేశారు. అతను లయల్‌ని చూడటం లేదు. ఊనాని చూడటం లేదు. గేటు అవతల, ఎండలో తెల్లగా మెరుస్తూ సముద్రం వెంట పోతున్న రోడ్డుని చూస్తున్నాడు. ఆ చూపు ఎలాంటిదో ఆ జనంలో లయల్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపించే చూపే అది.

"లయల్," అన్నాడు వెర్న్, తన గొంతు తనకి వినబడుతోందా అన్నంత మెల్లగా. "ఈ రోడ్డు ఎందాకా పోతుందిరా?"

దాదాపు ఎనభయ్యేళ్లుగా ఆ రోడ్డు పక్కనే పుట్టి, పెరిగి, ముసలివాడైన మనిషి అడిగిన ప్రశ్న అది.

లయల్ జవాబు చెప్పేలోగానే గేరు పడింది.